ఆరు ప్రశ్నల కాగితం

"ఏంటి, విచారణా? వారెంటు ఉందా?" అన్నాడు మా ఆయన, చొక్కా కోసం చెయ్యి చాపి.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చొక్కా అందించాను. నేను అడిగింది చిన్న ప్రశ్నే. ముందు రోజు సాయంత్రం నా ఖాతాలోంచి డబ్బు తీసినట్టు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. నా జీతం పడే ఖాతా అది. కార్డు మాత్రం ఆయన పర్సులో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో "నువ్వు ఎక్కడైనా పారేసుకుంటావు" అని తీసి పెట్టుకున్నాడు. పదహారేళ్లయింది, నేను ఇంకా పారేసుకుంటాననే ఆయన నమ్మకం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల డబ్బు ఒక్క నోటు తేడా రాకుండా లెక్కపెట్టి ఇచ్చే మనిషిని నేను. "దేనికి తీశారు?" అన్నాను, అంతే. దానికి వారెంటు కావాలన్నాడు. మంచం మీద కూర్చుని మందుబిళ్లలు ఏరుకుంటున్న మా అత్తయ్య నవ్వింది. "దానికి అన్నీ అనుమానాలేరా. ఆ కిటికీ వెనక కూర్చుని కూర్చుని అలా తయారైంది" అంది. పదిహేనేళ్ల మా అమ్మాయి నోట్లో బ్రష్షు పెట్టుకునే తలుపు దగ్గరికి వచ్చి, "అమ్మా, నాన్నకి మౌనంగా ఉండే హక్కు ఉంది" అంది. ఇల్లంతా నవ్వులే. నేనూ నవ్వాను. నవ్వకపోతే "జోకేస్తే కూడా మొహం ముడుచుకుంటావు" అనే మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది, అది పడే ఓపిక ఆ పూట లేదు.

కానీ గడప దాటుతూ ఒక పంతం పట్టాను. ఇవాళ ఎవరినీ ఏమీ అడగకూడదు. టిఫిన్ డబ్బా తీసుకున్నారా, మందు వేసుకున్నారా, పరీక్ష ఎప్పుడు, ఏదీ అడగను. నా ప్రశ్నలు లేకుండా ఈ ప్రపంచం ఎలా నడుస్తుందో చూద్దాం అనుకున్నాను. నడిచింది. శుభ్రంగా నడిచింది. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

నేను బ్యాంకులో నగదు కౌంటరులో పనిచేస్తాను. మూడో నంబరు కిటికీ. అరవై దాటినవాళ్లు ఎవరైనా పెద్ద మొత్తం నగదుగా తీసుకుంటుంటే మా దగ్గర ఒక కాగితం నింపాలి. దాని మీద ఆరు ప్రశ్నలుంటాయి. ఈ డబ్బు మీ సొంత అవసరానికేనా? ఎవరైనా తీయమని చెప్పారా? పోలీసులమని చెప్పి ఎవరైనా ఫోను చేశారా? మీ పేరు మీద వారెంటు ఉందన్నారా? ఇంట్లో చెప్పొద్దన్నారా? ఇప్పుడు మీ ఫోనులో ఎవరైనా వింటున్నారా? ఒక్కోదాని పక్కన అవును, లేదు అని రెండు గళ్లు. కింద సంతకం. ఈమధ్య దొంగలు పోలీసు యూనిఫాం వేసుకుని ఫోనులో కనబడి పెద్దవాళ్లను బెదిరిస్తున్నారని, మనిషిని నేరుగా అడిగితే చాలామంది అక్కడే బయటపడతారని ఎవరో విషయం తెలిసినవాళ్లు రాసిన ప్రశ్నలు అవి.

మేము వాటిని అడగం. పొద్దున తలుపులు తెరవకముందు టీ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ, ఒక్కొక్కరం పదేసి కాగితాల మీద టిక్కులు పెట్టేసుకుంటాం. మొదటిదానికి అవును, తక్కిన ఐదింటికీ లేదు. మనిషి రాగానే ఒకటి తీసి ముందుకు తోస్తే సంతకం పెట్టి వెళ్తాడు. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో తెలియదు, నేను ఈ బ్రాంచికి వచ్చేసరికే ఉంది. వచ్చిన కొత్తలో నేను అడిగేదాన్ని. ఒకసారి ఒక పెద్దమనిషి "నా డబ్బు నేను తీసుకోవడానికి నీ పర్మిషన్ కావాలా?" అని హాలంతా వినబడేలా అరిచాడు. మేనేజరు బయటికి వచ్చి అందరి ముందూ నా చేత ఆయనకు సారీ చెప్పించాడు. తరవాత తన గదిలోకి పిలిచి, "లైను కదలాలమ్మా. కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చెయ్యకండి" అన్నాడు. మర్నాటి నుంచి నేనూ టీతో పాటు టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోలీసుల అధికారాల మీద జనానికి వచ్చే సందేహాలకు జవాబులు రాసి మా బ్యాంకు ఒక కరపత్రం వేసింది. పోలీసులు ఫోనులో అరెస్టు చేస్తారా? చెయ్యరు. డబ్బు కడితే వారెంటు రద్దవుతుందా? అవ్వదు. దర్యాప్తు కోసమని మీ డబ్బు తీసి తెమ్మంటారా? అనరు. అందులో అచ్చుతప్పులు చూసిపెట్టమని నాకే ఇచ్చారు, డ్యూటీ అయ్యాక రెండు సాయంత్రాలు కూర్చుని చూశాను. దానికి జీతం లేదు, "మీ చేతిరాత బాగుంటుంది, భాష బాగుంటుంది" అన్న మెచ్చుకోలు ఉంది. కట్టలు వచ్చాక కౌంటరు మీద పెడితే గజిబిజిగా ఉందని మేనేజరు తీయించేశాడు. నా కుర్చీ కిందికి దిగదు, కాళ్లు నేలకు ఆనవు, పీట ఒకటి ఇప్పించమని రెండేళ్లుగా అడుగుతున్నాను. అందుకని ఆ కట్టలు రెండు నా కాళ్ల కింద పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయాయి.

ఆ పంతం పట్టిన రోజునే బొత్తాల టీచర్ వచ్చింది.

బడిలో ముప్పయ్యేళ్లు పిల్లలకు కుట్టుపని నేర్పించిన మనిషి. కొడుకూ కోడలూ ఉన్న ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. నెలనెలా పెన్షను తీసుకోవడానికి వస్తే మా కౌంటరు దగ్గర ఐదు నిమిషాలైనా మాట్లాడనిదే కదలదు. ఒకసారి నా స్వెటరు బొత్తం వేలాడుతుంటే చూసి, చేతిసంచిలోంచి సూదీ దారం తీసి, "ఇటు వంగు అమ్మాయ్" అని కిటికీలోంచే కుట్టేసింది. వెనక లైను సణిగింది. ఆవిడ లెక్కచెయ్యలేదు. మేము పెట్టుకున్న ఆ పేరు అప్పటిది.

ఆ రోజు ఆవిడ మాట్లాడలేదు. స్లిప్పు ముందే నింపి తెచ్చింది. కనీస నిల్వ వదిలేసి, ఖాతాలో ఉన్నదంతా రాసి ఉంది. చేతిసంచి ఎప్పుడూ భుజానికి తగిలించుకునేది, ఆ రోజు గుండెకు హత్తుకుంది, దాని పైజేబులోంచి ఫోను సగం బయటికి వచ్చి ఉంది. కళ్ల కింద నల్లగా ఉంది. ఇవన్నీ చూశాను. చూడలేదని చెప్పుకుంటే నాకే సిగ్గుచేటు. కొడుకు ఏదో కొంటున్నాడేమో అనుకున్నాను. అడగడానికి నోటిదాకా వచ్చింది. వారెంటు ఉందా అన్న మాట చెవిలో మోగింది. ఎందుకొచ్చిన గొడవ, ఆవిడ డబ్బు ఆవిడిష్టం అనుకుని, టిక్కులు పెట్టిన కాగితం ఒకటి తీసి ముందుకు తోశాను.

"సంతకం పెట్టండి టీచరుగారూ."

"ఇంకేమైనా అడగాలా అమ్మాయ్?"

"ఏం లేదండీ. సంతకం చాలు."

ఆవిడ పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆన్చింది, రాయలేదు. "ఏమీ అడగక్కర్లేదా?" అంది మళ్లీ.

"అక్కర్లేదండీ" అన్నాను. నోట్లు లెక్కపెట్టే యంత్రం వైపు తిరిగాను. అది చేసే రొదలో ఆవిడ సంతకం పెట్టింది. కట్టలు సంచిలో సర్దుకుని కూడా వెంటనే కదల్లేదు, నా వైపే చూస్తూ నిలబడింది. వెనక ఎవరో దగ్గారు. నేను తరవాతి నంబరు పిలిచాను.

ఎనిమిది రోజుల తరవాత ఆవిడ కొడుకు వచ్చి బ్యాంకులో అరిచాడు. అప్పుడు తెలిసింది. ఎవడో ఫోనులో యూనిఫాంతో కనబడి, మీ పేరు మీద వారెంటు ఉంది, ఎవరికైనా చెబితే మీ అబ్బాయిని కూడా లోపలేస్తాం అన్నాడట. రెండు రోజులు ఫోను పెట్టెయ్యనివ్వలేదట. నిద్రపోయేటప్పుడు కూడా దిండు పక్కన పెట్టించాడట. మీ డబ్బు పరిశీలించి తిరిగి ఇస్తామని బ్యాంకుకు నడిపించాడట, వీధి మలుపులో ఇంకొకడు నిలబడి ఆ సంచి తీసుకుపోయాడట. అన్ని గంటలూ ఆవిడ ఆ వెనక గదిలోనే ఉంది. ఇంట్లో ఎవరూ ఏమైందని అడగలేదు. ఆ మాట కొడుకు చెప్పలేదు, నేనే అర్థం చేసుకున్నాను.

"ఇంత పెద్దావిడ అంత డబ్బు తీస్తుంటే మీరు ఒక్క మాట అడగరా?" అన్నాడు అతను. మేనేజరు ఫైలులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు ప్రశ్నలు, ఆరు టిక్కులు, కింద తల్లి సంతకం. అతను రెండుసార్లు చదివాడు. కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు ఊగి, తల్లి వైపు తిరిగిపోయింది. "ఇన్నిసార్లు అడిగితే ఇన్నిసార్లూ అబద్ధం చెప్పిందా మా అమ్మ" అన్నాడు. నా వైపు చూసి "సారీ మేడమ్" అన్నాడు. నేను తల ఊపాను.

మా బ్యాంకు నియమం ఇలా ఉంటుంది. అడిగాక కూడా ఖాతాదారు దాచి ఉంటే నష్టం వాళ్లదే. అడగకుండా ఇచ్చి ఉంటే బ్యాంకు భరించాలి, అడగని ఉద్యోగి మీద చర్య ఉంటుంది. అంటే ఆ టిక్కులు నిజమైతే టీచరు జీవితమంతా కూడబెట్టింది పోయినట్టే, అబద్ధమైతే ఆవిడ డబ్బు ఆవిడకి వస్తుంది, నా ఉద్యోగం పోతుంది. కౌంటరు దగ్గర కెమెరా ఉంది కానీ దానిలో మాట వినబడదు. నా వీపు కనబడుతుంది, ఆవిడ తల కనబడుతుంది. నేను అడగలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "మీ కాగితం బ్రాంచిని కాపాడిందమ్మా" అన్నాడు మేనేజరు. నిజం చెప్పాలంటే, అప్పుడు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాటకి ఇప్పుడు తల కొట్టేసినట్టుంది, కానీ పీల్చుకున్నాను.

తరవాత నాకు నేను చాలా సర్దిచెప్పుకున్నాను. అందరూ చేసేదే కదా. నేను అడిగినా ఆవిడ చెప్పేది కాదేమో. చెప్పాల్సింది ఆవిడ కాదా, నోరు లేదా? కూరగాయలు తరుగుతూ ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కోపం వచ్చినట్టే వచ్చి, పెన్ను కాగితం మీద ఆన్చి ఆగిన ఆ చెయ్యి గుర్తొచ్చేది. కౌంటరులో ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. మొదలుపెట్టిన రోజు వచ్చిన ముగ్గురు పెద్దవాళ్లలో ఒకరు విసుక్కున్నారు, ఒకరు నవ్వారు, ఒకావిడ "అడిగావు కాబట్టి చెబుతున్నా" అని కూతురి ఇంటి గొడవంతా చెప్పింది. లైను కాస్త ఆలస్యంగానైనా కదిలింది. ఇంత తేలికా అనిపించింది. కాళ్ల కింద కట్టలు బయటికి తీసి కౌంటరు మీద పెట్టాను. ఆ రోజంతా కాళ్లు గాల్లో వేలాడాయి.

తరవాతి వారం టీచరు వచ్చింది. వెంట కోడలు ఉంది, తలుపు దగ్గరే నిలబడింది. ఆవిడ చేతిలో చేతిసంచి లేదు. అందరితో పాటు లైనులో నిలబడి, తన వంతు వచ్చాక కిటికీ దగ్గరికి వచ్చింది.

"డబ్బు కోసం కాదు అమ్మాయ్. పాసుపుస్తకం మా అబ్బాయి దగ్గరుంది, ఫోను కూడా తీసేసుకున్నారు. నీతో ఒక్క మాట చెప్పిపోదామని వచ్చాను" అంది.

"చెప్పండి టీచరుగారూ."

"నువ్వు అన్నీ అడిగావట కదా. కాగితం మావాడు ఫొటో తీసుకొచ్చి చూపించాడు. నాకు గుర్తులేదు. రెండు రోజులు నిద్ర లేదు కదా, బుర్ర పనిచెయ్యలేదు. నువ్వు అడిగే ఉంటావు. నేనే లేదు లేదు అనుంటాను. నా వల్ల నీకు మాట రాకూడదు. ఏమీ అనుకోకు."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్కటే అర్థం కావట్లేదు. వాడు నన్ను నోరు తెరవొద్దన్నాడు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, నా అంతట నేను చెప్పకూడదు, ఎవరైనా అడిగితే మాత్రం చెప్పేస్తాను అని. అలా అనుకున్నట్టు బాగా గుర్తు. మరి నువ్వు అడిగితే ఎందుకు చెప్పలేదో. పెద్దదాన్నయిపోయాను అమ్మాయ్. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను."

"పర్వాలేదండీ" అన్నాను.

అన్నది నేనే. చెయ్యని తప్పుకు ఆవిడ వచ్చి నన్ను క్షమించమంటే, ఆ తప్పు చేసిన నేను కుర్చీలో కూర్చునే క్షమించాను. కోడలు తలుపు దగ్గర్నుంచి "అత్తయ్యా, అయిందా?" అని పిలిచింది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి నా స్వెటరు బొత్తం ఒకసారి పట్టి చూసింది. గట్టిగానే ఉందని తల ఊపి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. మర్నాడు దర్యాప్తు అధికారి బ్రాంచికి వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడని, నిజం చెప్పెయ్యాలనిపిస్తోందని కూడా చెప్పాను. ఇన్నేళ్లలో ఆయన నన్ను అన్ని ప్రశ్నలు ఒక్కసారిగా అడగడం అదే మొదలు. నీకు మతి ఉందా? ఉద్యోగం పోతే పిల్ల చదువేంటి? ఎవరి కోసం? ఆవిడ నీకేమవుతుంది? ఊళ్లోవాళ్ల తప్పులన్నీ నెత్తిన వేసుకుంటావా? ఒక్కదానికీ జవాబు కోసం ఆగలేదు. చివరికి మెత్తబడి, "చూడు, అబద్ధం చెప్పమనట్లేదు నేను. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. అడగనిది చెప్పక్కర్లేదు" అన్నాడు. నా కార్డు విషయంలో ఆయన పదహారేళ్లుగా పాటిస్తున్న నియమం ఆ చివరి ముక్కేనని నాకు అప్పుడే తట్టింది.

అత్తయ్య కళ్లలో చుక్కలు వెయ్యడానికి వెళ్లాను. అది రోజూ నా పని. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకునే, "ఆవిడకి ఎన్నేళ్లు?" అంది. గోడ అవతలి నుంచి అంతా విన్నట్టుంది.

"మీ వయసే ఉంటుంది అత్తయ్యా."

"కోడలు ఏమంటోంది?"

"ఫోను తీసేసుకున్నారట."

మందు చుక్క కంటి కొసనుంచి జారి చెవి దాకా పోయింది. "నేనైతే ఆ దొంగవెధవే నయమనుకునేదాన్నేమో" అంది. "రెండు రోజులు వదలకుండా మాట్లాడాడు కదా."

ఆ వారెంటు మాటకి నన్ను చూసి నవ్విన మనిషే. నాకు మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఈవిడని నేను అడిగేవన్నీ మందుల గురించే. కళ్లలో చుక్కలు వేసి, సీసా మూత బిగించి, దీపం ఆర్పి వచ్చేస్తాను. ఎలా ఉన్నారు అని అడిగి ఎన్నాళ్లయిందో లెక్కకు అందలేదు. ఆవిడ తరఫున కూడా నేనే టిక్కు పెట్టేసుకుంటున్నాను, బాగానే ఉంది అని. నా తరఫున ఈ ఇల్లు పెట్టినట్టే. ఆ పూట కాసేపు ఆవిడ మంచం మీదే కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. "కాళ్లు నొప్పిగా ఉన్నాయా?" అన్నాను. "లేవు" అంది. తరవాత, "ఉన్నాయి" అంది.

దర్యాప్తు అధికారి నడివయసు మనిషి. వరసగా ఇలాంటి కేసులే చూస్తున్నాడేమో, అలసిపోయి ఉన్నాడు. మేనేజరు గదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని తనే టైపు చేసుకుంటున్నాడు. మేనేజరు పక్కనే కూర్చున్నాడు. నా ఫోనులో మా ఆయన మెసేజ్ ఉంది, "గుర్తుందిగా" అని.

"ఈ కాగితం మీ కౌంటరుదేనా?"

"అవునండీ."

"టిక్కులు పెట్టింది మీరేనా?"

"నేనే."

"సంతకం ఆవిడదేనా?"

"ఆవిడదే. నా ఎదురుగానే పెట్టారు."

"పక్కన ఎవరైనా నిలబడి బలవంతం చేసినట్టు కనిపించిందా?"

"పక్కన ఎవరూ లేరండీ."

అతను తల ఊపుతూ టైపు చేసుకున్నాడు. ప్రింటు తీసి నా వైపు తిప్పాడు. పావు పేజీ. చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. మా ఆయన చెప్పినట్టే, అడిగినదానికల్లా జవాబు చెప్పాను, అన్నీ నిజాలే. సంతకం పెట్టి లేస్తే చాలు, నా జీతం నాకు, మా ఆయన కార్డు మా ఆయనకు, టీచరు మతిమరుపు టీచరుకు.

"ఇంకేమైనా అడగాలా అండీ?" అన్నాను.

"ఏం లేదమ్మా. సంతకం చాలు" అన్నాడు అతను, లాప్‌టాప్ మూస్తూ. మేనేజరు అప్పటికే లేచి నిలబడ్డాడు.

పెన్ను కాగితం మీద ఆన్చాను. ఆ రోజు ఆవిడ ఎంతసేపు అలా నిలబడిందో నాకప్పుడు తెలిసింది. అప్పుడు నేను నోట్ల యంత్రం వైపు తిరిగిపోయాను కాబట్టి అది ఒక్క క్షణమే అనుకున్నాను. ఒక్క క్షణం కాదు. గోడ మీద కెమెరా కనబడుతుంది, బల్ల మీద టీ మరక కనబడుతుంది, ఎదుటి మనిషి మొహం ఒకసారి ఇటు తిరుగుతుందా అని చూస్తూ ఉంటాం.

పెన్ను కింద పెట్టాను.

"మీరు అడగలేదు, అయినా రాసుకోండి. ఆవిణ్ణి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగమని ఆవిడే నన్ను రెండుసార్లు అడిగింది."